32 ఓం హెడ్‌ఫోన్‌కి యాంప్లిఫయర్: అవుట్‌పుట్‌లో బీడీ139/140 చాలా, టిప్31/32 వెయ్యాలా?

నాగావళి_తీరం (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ సర్క్యూట్ దాదాపు ఖాయం అయింది. ముందు ఎన్‌ఈ5532 (ఆప్-యాంప్ ఐసీ), వెనక ఒక ఎన్‌పీఎన్, ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టర్‌తో పుష్-పుల్ ఎమిటర్ ఫాలోయర్ (హెడ్‌ఫోన్‌కి కరెంట్ అందించే జత). ఫీడ్‌బ్యాక్ అవుట్‌పుట్ నుంచే తీసుకుంటున్నాను, 3.3 కే (కిలో ఓం), 1 కే రెసిస్టర్లతో గెయిన్ 4.3. సప్లై ప్లస్-మైనస్ 12 వోల్ట్‌లు, 7812, 7912 ద్వారా. ట్రాన్స్‌ఫార్మర్ 12-0-12.

దీనికి తగిలించాల్సిన హెడ్‌ఫోన్లు రెండు. ఒకటి 32 ఓం, ఇంకోటి 300 ఓం. రెండూ ఒకే పెట్టెతో నడవాలి.

ఇక్కడ దుకాణంలో బీసీ337/327, బీడీ139/140, టిప్31సీ/32సీ, టిప్41సీ/42సీ దొరుకుతున్నాయి. పాత యాంప్లిఫయర్ నుంచి తీసిన 2ఎన్3055, ఎంజే2955 జత కూడా ఉంది. నెట్‌లో చూస్తే చాలామంది సీ5171/ఏ1930 వెయ్యమంటున్నారు. వీటిలో ఏవి వెయ్యాలి, బయాస్ (పాట లేనప్పుడు కూడా పారే కరెంట్) ఎంత పెట్టాలి, ఎన్‌పీఎన్‌కీ పీఎన్‌పీకీ కరెంట్ గెయిన్ (హెచ్‌ఎఫ్‌ఈ) కలిసే జతలు ఏరుకోవాలా? మన ఎండలకి హీట్ సింక్ ఎంత కావాలో కూడా చెప్పండి మాస్టారూ.

---

గంటస్తంభం (విజయనగరం):

ట్రాన్సిస్టర్ నంబర్ దగ్గర మొదలుపెడితే దారి దొరకదు. ముందు హెడ్‌ఫోన్‌కి ఎంత కరెంట్ కావాలో లెక్క కట్టండి, ట్రాన్సిస్టర్ దానంతట అదే తేలుతుంది.

32 ఓంలోకి 100 మిల్లీవాట్‌లు అంటే చెవి తట్టుకోలేనంత శబ్దం. దానికి కావలసింది 1.79 వోల్ట్‌లు ఆర్ఎంఎస్, అంటే పీక్ 2.5 వోల్ట్‌లు, పీక్ కరెంట్ 79 మిల్లీయాంప్‌లు. అదే 100 మిల్లీవాట్‌లు 300 ఓంలోకి పంపాలంటే పీక్ 7.75 వోల్ట్‌లు కావాలి గానీ కరెంట్ 26 మిల్లీయాంప్‌లే. ఒకదానికి కరెంట్ కావాలి, ఇంకోదానికి వోల్టేజ్ కావాలి. మీ 12 వోల్ట్‌ల సప్లై రెండింటికీ సరిపోతుంది.

పుష్-పుల్‌లో నిలకడగా పారే కరెంట్‌కి, అంటే బయాస్‌కి, రెండింతల పీక్ వరకు క్లాస్-ఏలోనే (రెండు ట్రాన్సిస్టర్లూ ఆగకుండా పనిచేస్తూ) ఉంటుంది. 32 ఓంకి 79 మిల్లీయాంప్‌లు కావాలంటే 40 సరిపోతుంది, కొంచెం చేతిలో ఉంచుకుని 50 పెట్టండి. 300 ఓం ఒక్కటే ఉంటే 15 చాలు.

ఇప్పుడు మీ జాబితా చూద్దాం.

బీసీ337/327: 45 వోల్ట్‌లు, 800 మిల్లీయాంప్‌లు, 625 మిల్లీవాట్‌లు. 300 ఓం హెడ్‌ఫోన్ ఒక్కటే అయితే ఇవి చాలు. 15 మిల్లీయాంప్‌ల దగ్గర ఒక్కోదానిలో 0.18 వాట్ ఖర్చవుతుంది, వేడి 36 డిగ్రీలు పెరుగుతుంది, హీట్ సింక్ అక్కర్లేదు. కానీ మీకు 50 కావాలి. 12 వోల్ట్‌లు × 50 మిల్లీయాంప్‌లు = 0.6 వాట్, అంటే దాని హద్దు మీదే కూర్చోబెట్టినట్టు. పైగా 3.5 మి.మీ. పిన్ను గుచ్చేటప్పుడు జాక్‌లో ఒక క్షణం అవుట్‌పుట్ గ్రౌండ్‌కి షార్ట్ అవుతుంది. ఆ క్షణంలో 300 మిల్లీయాంప్‌లు దాటి పారొచ్చు, అంటే ట్రాన్సిస్టర్ మీద దాదాపు 4 వాట్‌లు. బీసీ337 అక్కడ పోతుంది. హీట్ సింక్ మీదున్న బీడీ139 తట్టుకుంటుంది. నా దృష్టిలో బీడీ139 వెయ్యడానికి అసలు కారణం ఇదే, పాట నాణ్యత తర్వాత.

బీడీ139/140: 80 వోల్ట్‌లు, 1.5 యాంప్‌లు, హీట్ సింక్ మీద 12.5 వాట్‌లు. వేగం కూడా ఎక్కువ. నంబర్ చివర 16 అని ఉన్నవి తీసుకోండి. 6 గ్రూపు గెయిన్ 40 నుంచి 100, 10 గ్రూపు 63 నుంచి 160, 16 గ్రూపు 100 నుంచి 250. మీ పనికి ఇదే సరైన జత.

టిప్41/42కి 6 యాంప్‌లు, 65 వాట్‌లు. మీకు కావలసినది 80 మిల్లీయాంప్‌లు. పెద్దది వేస్తే మంచిదే కదా అనుకోవద్దు. ట్రాన్సిస్టర్ పెద్దదైన కొద్దీ లోపలి కెపాసిటెన్స్ పెరుగుతుంది, వేగం పడిపోతుంది. 2ఎన్3055కి ఎఫ్‌టీ (ట్రాన్సిస్టర్ వేగాన్ని చెప్పే సంఖ్య) 2.5 మెగాహెర్ట్జే. 115 వాట్‌ల టీవో-3 లోహపు డబ్బాని 0.6 వాట్ పనికి పెట్టడం వల్ల లాభం ఏమీ లేదు, సర్క్యూట్ ఊగిసలాడే (ఆసిలేట్ అయ్యే) ప్రమాదం మాత్రం తోడవుతుంది. ఆ జత పవర్ సప్లై పనికి దాచుకోండి.

సీ5171/ఏ1930 కాగితం మీద చాలా మంచివి: 180 వోల్ట్‌లు, 2 యాంప్‌లు, 200 మెగాహెర్ట్జ్. కానీ తయారీ ఆగిపోయిన భాగాలు. ఇప్పుడు చవగ్గా దొరికేవాటిలో ఎక్కువ భాగం వేరే ట్రాన్సిస్టర్ల మీద ఆ పేరు అచ్చు వేసినవే. పేరున్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర తప్ప కొనొద్దు.

జతలు ఏరడం గురించి: అవుట్‌పుట్ ఫీడ్‌బ్యాక్ లోపలే ఉంది కాబట్టి రెండింటి గెయిన్ 30 శాతం తేడా ఉన్నా భయం లేదు. ఒకటి 60, ఇంకోటి 200 ఉంటే మాత్రం మార్చండి.

---

బొబ్బిలి_వీణ:

గంటస్తంభం గారి లెక్క సరైనదే. టిప్31సీ/32సీని మాత్రం అంత తేలిగ్గా తోసెయ్యక్కర్లేదని నా మాట.

వేడి సంగతి చూడండి. బీడీ139 గాలిలో ఒంటరిగా ఉంటే వాట్‌కి 100 డిగ్రీలు వేడెక్కుతుంది. 0.6 వాట్‌కి 60 డిగ్రీలు. వేసవిలో మూత వేసిన పెట్టె లోపల 50 డిగ్రీలు అనుకుంటే లోపలి జంక్షన్ (అసలు పనిచేసే సిలికాన్ ముక్క) 110. టిప్31 టీవో-220 (ఇంకా పెద్ద ఒళ్లు) కాబట్టి వాట్‌కి 62.5 డిగ్రీలే. అదే 0.6 వాట్‌కి 37, మొత్తం 87. హీట్ సింక్ లేకుండానే ప్రాణభయం లేదు. పల్లెల్లో కూడా దొరుకుతుంది, నకిలీలు తక్కువ, స్క్రూ బిగించడం సులువు.

వేగం తక్కువే, ఒప్పుకుంటాను. ఎఫ్‌టీ 3 మెగాహెర్ట్జ్. అందుకే ముందున్న ఐసీని బట్టి చూడాలి. ఎన్‌ఈ5532కి 10 మెగాహెర్ట్జ్. గెయిన్ 4.3 దగ్గర ఫీడ్‌బ్యాక్ లూప్ 2.3 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది, అక్కడికి టిప్31 ఆయాసపడుతుంది, ఫేజ్ వెనకబడి రింగింగ్ వస్తుంది. అదే టీఎల్072 పెడితే 3 మెగాహెర్ట్జ్, లూప్ 0.7 మెగాహెర్ట్జ్ దగ్గరే ముగుస్తుంది. టిప్31 దానికి హాయిగా సరిపోతుంది. వడి తక్కువ ఐసీకి వడి తక్కువ ట్రాన్సిస్టర్.

---

గంటస్తంభం (విజయనగరం):

బొబ్బిలి గారూ, మీ టీఎల్072 మాట నిజం. కానీ టీఎల్072 సొంత నాయిస్ ఎక్కువ. 20 కిలోహెర్ట్జ్ వరకు కూడితే, గెయిన్ 4.3 తర్వాత అవుట్‌పుట్‌లో సుమారు 11 మైక్రోవోల్ట్‌లు. ఎన్‌ఈ5532తో 3 మైక్రోవోల్ట్‌లే. 300 ఓం హెడ్‌ఫోన్‌లో ఈ తేడా తెలియదు. చెవి లోపల దూర్చే సున్నితమైన ఇయర్‌ఫోన్‌లో రాత్రి నిశ్శబ్దంలో సన్నని హిస్ వినిపిస్తుంది. ట్రాన్సిస్టర్ కోసం ఐసీని దించుకోవడం నాకు ఇష్టం లేదు.

టీవో-220లోనే కావాలంటే ఎంజేఈ15032/15033 ఉంది: 250 వోల్ట్‌లు, 8 యాంప్‌లు, ఎఫ్‌టీ కనీసం 30 మెగాహెర్ట్జ్. టిప్‌కి పది రెట్లు వేగం, కాళ్ల వరస టిప్‌దే. మన ఊళ్లలో అడిగితే ఉండదు, హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ నుంచో చెన్నై రిచీ స్ట్రీట్ నుంచో తెప్పించుకోవాలి. ఇంకో దారి టీటీసీ004బీ/టీటీఏ004బీ: 160 వోల్ట్‌లు, 1.5 యాంప్‌లు, 100 మెగాహెర్ట్జ్. ఇప్పటి తయారీవి.

హీట్ సింక్ లేకుండా నడపడం మీద కూడా నాకు పేచీ ఉంది. జంక్షన్ బతుకుతుంది, బయాస్ నిలవదు. వేడెక్కిన ప్రతి డిగ్రీకీ బేస్-ఎమిటర్ వోల్టేజ్ 2 మిల్లీవోల్ట్‌లు తగ్గుతుంది. ఎమిటర్‌లో 4.7 ఓం ఉంటే 20 డిగ్రీలకి కరెంట్ దాదాపు 8 మిల్లీయాంప్‌లు పెరుగుతుంది. సర్లే అనుకోవచ్చు. 1 ఓం పెడితే అదే 20 డిగ్రీలకి 26 మిల్లీయాంప్‌లు పెరుగుతుంది, దాంతో ఇంకా వేడి, ఇంకా కరెంట్. ఇక ఆగదు. అందుకని ఎమిటర్ రెసిస్టర్లు 4.7 ఓం అర వాట్‌వి పెట్టండి. ఫీడ్‌బ్యాక్ లోపల ఉన్నాయి కాబట్టి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ పెరుగుతుందన్న బెంగ వద్దు.

ఒక్కో ఛానల్‌కి 3 మి.మీ. మందం అల్యూమినియం పట్టీ, 5 బై 8 సెంటీమీటర్లది, నిలువుగా పెడితే చాలు. రెండు ట్రాన్సిస్టర్లూ దాని మీదే. రెండింటిదీ కలిపి 1.2 వాట్‌లు. 50 డిగ్రీల పెట్టెలో కూడా జంక్షన్ 80 దాటదు.

బయాస్‌కి రెండు 1ఎన్4148 డయోడ్లు పెట్టి సరిపుచ్చుకోవద్దు. వాటి వోల్టేజ్ మీ ట్రాన్సిస్టర్‌తో ఎంత కలుస్తుందో అదృష్టం, బయాస్ మార్చుకునే వీలూ ఉండదు. మూడో బీడీ139తో వీబీఈ మల్టిప్లయర్ (రెండు బేస్‌ల మధ్య బయాస్ వోల్టేజ్‌ని నిలిపే చిన్న సర్క్యూట్) కట్టండి. దాని కలెక్టర్ నుంచి బేస్‌కి 1.8 కే, బేస్ నుంచి ఎమిటర్‌కి 680 ఓం, దానితో సిరీస్‌లో 1 కే ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్). 1.3 వోల్ట్‌ల నుంచి 2.2 వరకు తిప్పుకోవచ్చు, మీకు కావలసినది 1.77 చుట్టుపక్కల. ప్రీసెట్ తప్పనిసరిగా బేస్-ఎమిటర్ వైపే ఉండాలి. కొన్నేళ్లకి ప్రీసెట్ లోపలి కాంటాక్ట్ వదిలేస్తే బయాస్ పడిపోతుంది, ట్రాన్సిస్టర్లు చల్లగా మిగులుతాయి. కలెక్టర్-బేస్ వైపు పెడితే అదే కాంటాక్ట్ వదిలిన క్షణంలో బయాస్ ఎగిసి అన్నీ కాలిపోతాయి. మల్టిప్లయర్‌కి అడ్డంగా 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ పైన. ప్లస్ 12 నుంచి పై బేస్‌కి 3.3 కే, మైనస్ 12 నుంచి కింది బేస్‌కి 3.3 కే. ఐసీ అవుట్‌పుట్ కింది బేస్ వైపు చేరాలి.

---

టెక్కలి_రేడియో:

పెద్దలు లెక్కలన్నీ చెప్పీసారు. నాను చేతిపని గురించి చెప్తాను తమ్ముడూ, పాడయ్యేది ఎక్కువ అక్కడే.

కాళ్ల వరస ముందు చూసుకో. బీడీ139, 140 అక్షరాలు ఉన్న ముఖం నీ వైపు పెట్టుకుని కాళ్లు కిందికి ఉంచితే ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. టిప్31, 32 అలగ కాదు: బేస్, కలెక్టర్, ఎమిటర్. ఒకదాని కోసం గీసిన బోర్డులో ఇంకోటి నేరుగా గుచ్చితే తలకిందులైపోద్ది. బీసీ337కి చదును ముఖం నీ వైపు ఉంటే కలెక్టర్, బేస్, ఎమిటర్.

రెండోది, బీడీ139 వెనక లోహం కలెక్టరే. మూడు ట్రాన్సిస్టర్లూ ఒకే పట్టీ మీద బిగిస్తే ఒకదాని వీపు మీద ప్లస్ 12, ఇంకోదాని మీద మైనస్ 12, మల్టిప్లయర్‌ది ఇంకో వోల్టేజ్. మూడింటికీ మైకా ముక్క, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ వెయ్యాలి. మైకాకి రెండు వైపులా థర్మల్ పేస్ట్ పలచగా రాయి, దట్టంగా రాస్తే వేడి అందదు. బిగించాక పవర్ పెట్టకముందే మీటర్‌ని బజర్‌లో పెట్టి ఒక్కో వీపుకీ పట్టీకీ మధ్య చూడు. కూత రాకూడదు. పట్టీకి రంధ్రం వేసిన చోట అంచు గరుకు ఉంటే మైకాని చీల్చీస్తది, పెద్ద డ్రిల్ బిట్టు చేత్తో తిప్పి అంచు నునుపు చెయ్యి.

సప్లై వైపు ఇంకో ఉచ్చు ఉంది. 7812 కాళ్లు ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్, వీపు గ్రౌండ్. 7912 కాళ్లు గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్, వీపు ఇన్‌పుట్. రెండూ ఒకేలా ఉంటాయి కదా అని 7912ని మైకా లేకుండా పెట్టెకి బిగిస్తే మైనస్ లైన్ మొత్తం షార్ట్.

ఇప్పుడు నకిలీల మాట. బీడీ139కి కూడా నకిలీలు ఉన్నాయి. దూదికి అసిటోన్ అద్ది అక్షరాల మీద రుద్దు. సిరా కరిగి పోయి కింద వేరే నంబర్ కనబడితే ఇంక అడగక్కర్లేదు. అక్షరాలు ఉన్నంత మాత్రాన అసలుది అనీ కాదు, అందుకే కొలవాలి. మల్టీమీటర్‌లో హెచ్‌ఎఫ్‌ఈ బొక్క ఉంటది గానీ అది మైక్రోయాంప్‌ల బేస్ కరెంట్‌తో చూస్తది, 50 మిల్లీయాంప్‌ల దగ్గర సంగతి అది చెప్పదు. ఇలగ చెయ్యి: 12 వోల్ట్‌ల రెగ్యులేటెడ్ సప్లై ప్లస్ నుంచి 100 ఓం 2 వాట్ రెసిస్టర్ ద్వారా కలెక్టర్‌కి. అదే ప్లస్ నుంచి 22 కే ద్వారా బేస్‌కి. ఎమిటర్ గ్రౌండ్‌కి. బేస్‌లోకి 0.52 మిల్లీయాంప్ పోతాది. 100 ఓం మీద ఎన్ని వోల్ట్‌లు ఉన్నాయో చూసి 19.4తో గుణించు, అదే గెయిన్. 5 వోల్ట్‌లు చూపిస్తే 97. పది సెకన్లలో చదివెయ్యి, వేడెక్కితే గెయిన్ పెరిగిపోతాది, లెక్క తప్పుతాది. పీఎన్‌పీకి సప్లై ప్లస్-మైనస్ తిప్పి పెట్టు. 16 గ్రూపు అని అమ్మినదానికి 2 వోల్ట్‌లే వస్తే తిరిగి ఇచ్చీ.

మన దేశంలో సీడీఐఎల్ వాళ్లు తయారు చేసేవి అడిగి చూడు, పనికి నమ్మకంగా ఉంటాయి.

బేస్ దగ్గర 47 ఓం రెసిస్టర్, ట్రాన్సిస్టర్ కాలుకి ఆనుకుని. బీడీ139 వేగం ఎక్కువ కాబట్టి ఇది లేకపోతే రేడియో ఫ్రీక్వెన్సీలో ఊగుతాది. ట్రాన్సిస్టర్‌ని దూరంగా పట్టీ మీద పెట్టి పది సెంటీమీటర్ల తీగలు లాగొద్దు, బోర్డు అంచు మీదే పట్టీ నిలబెట్టు. కలెక్టర్ల దగ్గర రెండు లైన్లకీ 100 నానోఫారడ్, 100 మైక్రోఫారడ్ గ్రౌండ్‌కి. అవుట్‌పుట్‌లో 10 ఓం, 100 నానోఫారడ్ సిరీస్‌గా గ్రౌండ్‌కి. ఊగుతున్నాదని ఎలగ తెలుస్తాది అంటే, పాట లేకుండానే ట్రాన్సిస్టర్లు కాలతాయి, తీగ దగ్గర వేలు పెడితే బయాస్ రీడింగ్ మారతాది. ఆసిలోస్కోప్ లేకపోయినా ఈ రెండు గుర్తులూ చాలు.

మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు ప్లస్, మైనస్ సప్లై లైన్లు రెండింటిలోనూ 47 ఓం అర వాట్ రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టు. తప్పు ఉంటే అవి పొగ పెట్టి చస్తాయి, ట్రాన్సిస్టర్లు మిగుల్తాయి. ప్రీసెట్‌ని రెసిస్టెన్స్ ఎక్కువ ఉండే వైపు తిప్పి ఉంచు. అంతా బాగుంటే వాటిని తీసి, ఒక ఎమిటర్ నుంచి ఇంకో ఎమిటర్‌కి మీటర్ పెట్టి మెల్లగా తిప్పు. 0.47 వోల్ట్ వస్తే 50 మిల్లీయాంప్‌లు అయినట్టు. హెడ్‌ఫోన్ అప్పటికింకా తగిలించకు. అవుట్‌పుట్‌లో డీసీ 20 మిల్లీవోల్ట్‌ల లోపు ఉందని చూసినాకే.

---

నాగావళి_తీరం (శ్రీకాకుళం):

అందరికీ ధన్యవాదాలు. బీడీ139-16, బీడీ140-16 తీసుకుని టెక్కలి మాస్టారు చెప్పినట్టు కొలిచాను. 100 ఓం మీద ఎన్‌పీఎన్‌కి 6.1 వోల్ట్‌లు, పీఎన్‌పీకి 5.4. అంటే గెయిన్ 118, 105. ఒక ఛానల్ కట్టాను. మూడు చోట్ల ఆగాను.

బయాస్ 0.47 పెట్టి మూత వేస్తే అరగంటకి 0.60కి చేరింది. అక్కడ ఆగినట్టే ఉంది గానీ పట్టీ బాగా వేడిగా ఉంది. మల్టిప్లయర్ ట్రాన్సిస్టర్‌ని బోర్డు మీదే ఉంచాను, పట్టీకి ఒక సెంటీమీటర్ దూరంలో.

అవుట్‌పుట్‌లో డీసీ మైనస్ 85 మిల్లీవోల్ట్‌లు. ఇన్‌పుట్ కెపాసిటర్ తర్వాత ఐసీ 3వ కాలు నుంచి గ్రౌండ్‌కి 100 కే ఉంది. ఫీడ్‌బ్యాక్‌లో 1 కే నేరుగా గ్రౌండ్‌కి.

మూడోది, పగలు శుభ్రంగా ఉంటుంది, సాయంత్రం 7 దాటాక సన్నగా హమ్ వస్తోంది. హమ్ ఉన్నప్పుడు 7812 ఇన్‌పుట్ దగ్గర 13.6 వోల్ట్‌లు చూపించింది. ఫిల్టర్ కెపాసిటర్లు 2200 మైక్రోఫారడ్, 35 వోల్ట్‌లవి.

---

గంటస్తంభం (విజయనగరం):

మొదటిదానికి జవాబు మీ కొలతలోనే ఉంది. 0.13 వోల్ట్ పెరిగిందంటే 14 మిల్లీయాంప్‌లు. వెనక్కి లెక్క కడితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు దాదాపు 35 డిగ్రీలు వేడెక్కాయి, మల్టిప్లయర్‌కి ఆ సంగతి తెలియలేదు. ఒక సెంటీమీటర్ గాలి అంటే దానికి వేరే ఊరే. దాన్ని రెండు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల మధ్యలో, అదే పట్టీ మీద, మైకా వేసి బిగించండి. అప్పుడు పట్టీ వేడెక్కితే దాని వోల్టేజ్ కూడా తగ్గి బయాస్‌ని వెనక్కి లాగుతుంది. బిగించాక 0.47 మళ్లీ పెట్టాలి, అదీ పవర్ ఇచ్చి అరగంట అయ్యాక, మూత వేసి.

రెండోది ట్రాన్సిస్టర్ల తప్పు కాదు. ఎన్‌ఈ5532 ఇన్‌పుట్ కాలు తనకోసం సుమారు 200 నానోయాంప్‌లు లాక్కుంటుంది. 100 కేలోంచి లాగితే 20 మిల్లీవోల్ట్‌లు, 4.3 గెయిన్‌తో 86. లోపల ఉన్నవి ఎన్‌పీఎన్‌లు కాబట్టి కరెంట్ లోపలికే పారుతుంది, అందుకే మైనస్ వచ్చింది. రెండు మార్పులు చెయ్యండి. 100 కే తీసి 22 కే పెట్టండి, ఇన్‌పుట్ కెపాసిటర్ 2.2 మైక్రోఫారడ్ చెయ్యండి, బాస్ 3 హెర్ట్జ్ వరకు దిగుతుంది. 1 కే కింద 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి గ్రౌండ్‌కి కలపండి, డీసీకి గెయిన్ 1 అయిపోతుంది. మైనస్ 5 చుట్టుపక్కల రావాలి. వాల్యూమ్ కంట్రోల్ కూడా 10 కే లాగ్ తీసుకోండి, 100 కే వద్దు.

---

టెక్కలి_రేడియో:

మూడోది లో ఓల్టేజీ, బావూ. 7812కి కనీసం 14, 14 న్నర ఇన్‌పుట్ ఉండాలి. మీటర్ చూపించిన 13.6 సగటు మాత్రమే, దాని మీద రిపుల్ (ఏసీ మిగిల్చిన ఎగుడుదిగుడు) అర వోల్ట్ ఉంటాది, లోయల్లో 13.3కి దిగుతాది. ఆ లోయల్లో రెగ్యులేటర్ చేతులెత్తేస్తాది, రిపుల్ తిన్నగా అవుట్‌పుట్‌కి వచ్చీస్తాది. అదే నీ హమ్. కెపాసిటర్ పెంచితే కొంత తగ్గుతాది గానీ పోదు.

దారులు రెండు. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ వెయ్యొచ్చు. మెయిన్స్ 190కి పడినా రెగ్యులేటర్ ముందు 16 పైనే ఉంటాది. అయితే మెయిన్స్ 250కి ఎగిసిన వేళ ముందు 22, 23 ఉంటాది, రెండు ఛానళ్లకీ కలిపి రెగ్యులేటర్ మీద ఒకటింపావు వాట్ వేడి. దానికీ చిన్న హీట్ సింక్ వెయ్యాలి.

లేదంటే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌తోనే 7809, 7909 వెయ్యి. ప్లస్-మైనస్ 9 వోల్ట్‌లు. 32 ఓంకి ఏ లోటూ లేదు. 300 ఓంకి పీక్ 7 వోల్ట్‌లు వస్తాది, 80 మిల్లీవాట్‌లు, 100కీ దీనికీ చెవికి తేడా తెలీదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల వేడి కూడా 0.6 నుంచి 0.45 వాట్‌కి దిగుతాది. కాకపోతే బేస్‌లకి ఇచ్చిన 3.3 కేలు రెండూ 2.2 కే చెయ్యి. లేకపోతే 300 ఓంలో గట్టిగా పెట్టినప్పుడు పీక్ దగ్గర బేస్‌కి కరెంట్ చాలదు, పై అంచు నలిగిపోతాది. పల్లెలో వాడే పెట్టె అయితే నాను ఇదే చేస్తాను.

---

బొబ్బిలి_వీణ:

7809 సలహా నాకూ నచ్చింది. రెగ్యులేటర్ల ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండు చోట్లా 100 నానోఫారడ్ కాళ్లకి ఆనించి పెట్టడం మరవద్దు. 7909 అవుట్‌పుట్‌లో అదనంగా 10 మైక్రోఫారడ్ లేకపోతే అదే ఊగుతుంది, నింద ట్రాన్సిస్టర్ల మీద పడుతుంది.

సముద్రం దగ్గరి ఊళ్లలో వాడేవాళ్లకి ఇంకో మాట: కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పు గాలికి జాక్ కాంటాక్ట్‌లు నల్లబడి ఒక ఛానల్ వచ్చిపోతుంటుంది. ట్రాన్సిస్టర్ పోయిందని విప్పేముందు జాక్‌ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి చూడండి.

---

నాగావళి_తీరం (శ్రీకాకుళం):

మల్టిప్లయర్‌ని పట్టీ మీదకి మార్చాను. 0.46 దగ్గర మొదలై గంట తర్వాత 0.49 దగ్గర నిలిచింది. డీసీ మైనస్ 5. 7809, 7909, 2.2 కే మార్పులతో నిన్న సాయంత్రం 7 నుంచి 10 వరకు హమ్ లేదు. రెండో ఛానల్‌కి కూడా ఇవే విలువలు వాడుతున్నాను. ఒక్క సందేహం: ఆన్ చేసేటప్పుడు టప్ మని వస్తోంది, హెడ్‌ఫోన్‌కి ప్రమాదమా?

---

టెక్కలి_రేడియో:

220 మైక్రోఫారడ్ నిండేదాకా ఆ టప్ తప్పదు. ఆన్ చేసి ఐదు సెకన్లు ఆగి పిన్ను గుచ్చు, ఆఫ్ చేసే ముందు పిన్ను తీసీ. అలా వద్దనుకుంటే రెండు కాంటాక్ట్‌ల 12 వోల్ట్‌ల రిలే ఒకటి, రెగ్యులేటర్ ముందున్న ప్లస్ లైన్ నుంచి, ఐదు సెకన్ల ఆలస్యంతో అవుట్‌పుట్‌ని కలిపేలా పెట్టు. రిలే కాయిల్‌కి అడ్డంగా 1ఎన్4007 తిరగేసి వెయ్యి.